మొగ దాటేదాకా

గంగయ్య పేరులో గంగ ఉంది. ఎదురుగా ఏట్లో గంగ ఉంది. కాళ్ల దగ్గరున్న రెండు కుండల్లోనూ గంగే ఉంది. లేనిదల్లా అల్లుడి నావలోనే.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదో సంవత్సరం, పుష్యమాసపు చలిపొద్దు. అడవులదీవి దాపున ఏటి ఒడ్డు నుంచి మూడు రోజుల వేటకు కదిలిన నావ అప్పటికే అర ఫర్లాంగు పోయింది. పాటు నీరు, సముద్రం వెనక్కి తీసే నీరు, నావను లాగేస్తోంది. ఆ పాటుకు తోడు గంగయ్య ఏమరుపాటు. మంచినీళ్లు ఎక్కించడం ఆయన పని. ఆయనేమో అల్లుడు గంగరాజు రేపల్లెలో కొన్న కొత్త తలపాగా చూసి, "తలకి చుట్టావా, తలకే ఎక్కిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో నావ కదిలింది, కుండలు మిగిలాయి.

"నాన్నా, నీళ్లు!" అంది కూతురు కనకమ్మ.

"ష్! అరవకు."

వేటకు కదిలినవాణ్ణి వెనక్కి పిలవకూడదు. నావలోవాడు మొగ దాటేదాకా తల తిప్పకూడదు. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ మైలు దూరం. అది దాటితే మూడు రోజులూ ఉప్పునీరే. ఉత్తరపు గాలి పట్టిందంటే మధ్యలో తిరిగి రానివ్వదు. అందించిరావడానికి ఊళ్లో ఇంకో నావ లేదు, అన్నీ నిన్ననే పోయాయి.

గంగయ్య ఒక కుండ భుజానికెత్తాడు. "మొగ దగ్గర నావ ఒడ్డుకి ఆనుకునే పోతుందిగా. ముందెళ్లి అందిస్తా."

"నావకంటే ముందెళ్తావా?"

"దానికి చుక్కానుంది. నాకు చొక్కా కూడా లేదు. ఎవరు తేలికే?"

ఆ హాస్యం నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. మడచెట్ల వేళ్లు మడమల్లో దిగుతున్నాయి. కుండ తొణికి, చలిలో వీపంతా తడిసింది. నావలో నాలుగు వీపులు ముందుకు సాగిపోతున్నాయి, ఒక్క ముఖమూ ఇటు లేదు.

పీతలు పడుతున్న కిరస్తానీ మార్కు లేచి చూశాడు. "ఏంటి బాబాయ్, ఏటికే నీళ్లు మోస్తున్నావ్?"

గంగయ్య రొప్పుతూ సంగతి చెప్పాడు. "ఒరే మార్కూ, మీకీ పట్టింపు లేదుగా. నువ్వు పిలువురా!"

"పిలిచేవాడికి లేకపోతే సరా? వినేవాళ్లకుందిగా!" అంటూనే మార్కు చేతులు బాకాలా పట్టి అరిచాడు. "గంగరాజో! నీళ్లో!"

గాలి మాటను మింగి కేకను మాత్రం చేరవేసింది. నాలుగు వీపులూ బిగుసుకున్నాయి. తెడ్లు జోరందుకున్నాయి.

"మొగ దాకా పోలేవు బాబాయ్. మొన్న అమావాస్య పోటుకి దారి తెగింది. కొండెక్కి చూడు."

డెల్టావాళ్లకు కొండ ఎక్కడిది? ముప్పై అడుగుల ఇసుక దిబ్బకే ఆ పేరు పెట్టుకుని మురుస్తారు. వెనకే మార్కు రాగా, అడుగు వేస్తే రెండడుగులు జారుతూ గంగయ్య ఎక్కాడు. ఆయనకంటే ముందే ఆశ కొండెక్కింది.

నావ సరిగ్గా కిందే ఉంది, మొగలో. మధ్యన దారి తెగినచోట పాయ సుడులు తిరుగుతోంది. గంగయ్యకు ఇక ఆచారం గుర్తులేదు.

"ఒరే గంగరాజూ! నేన్రా, మీ మావని! నీళ్లు!"

గంగరాజు మెడ ఒక్క క్షణం వణికింది. తిరగలేదు.

గంగయ్య కాళ్లు ఇసుకలో దిగబడ్డాయి. "పోయినేడు వేటకి పోతూ, బిడ్డ ఏడిస్తే తిరిగి చూశాడురా. పల్లెంతా వింటుండగా తిట్టాను. నీ మావే పిలిచినా సరే, తల తిప్పితే నా గడప తొక్కొద్దన్నాను."

మార్కు నావకేసి చూశాడు. "గట్టిగానే నేర్పావ్ బాబాయ్."

దిబ్బ కింద కనకమ్మ రెండో కుండ చంకనెత్తుకుని వస్తోంది. "అందిందా నాన్నా?" అని అక్కణ్ణుంచే అడుగుతోంది.

నావ రెండు అలల మీద ఎగిరి మొగ దాటింది. అప్పుడు గంగరాజు వెనక్కి తిరిగాడు.

గంగయ్య కుండను రెండు చేతులా తలపైకెత్తాడు. ఊపాడు. వంచి కాసిని నీళ్లు ఒలకబోశాడు. గొంతు చీలేలా అరిచాడు. అలల హోరులో ఆ అరుపు ఆయనకే వినబడలేదు.

మొగ దాటి తిరగ్గానే కొండమీద నిండుకుండ కనబడటంకన్నా మంచి శకునం ఏముంది? గంగరాజు ముఖం విప్పారింది. రెండు చేతులూ జోడించి మామకు దణ్ణం పెట్టాడు. మిగతా ముగ్గురూ పెట్టారు.

ఆ తర్వాత తెరచాప ఎత్తారు.