అడ్డం పెట్టిన కర్ర

రెండో మలుపు దగ్గర గైడు కర్రను బాటకు అడ్డంగా పెట్టాడు. కర్ర అడ్డం పడిందంటే వెనకున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి, తుమ్ము వస్తే ముక్కు మూసుకోవాలి. ముప్పై ఒక్క వసంతాలుగా ఈ కొండమీద అదే చట్టం.

ఇవాళ ఆగినవాళ్లు ఇద్దరే. రిటైరైన టైపిస్టమ్మ, ఆవిడ వెనకాల సంచులు మోస్తూ గైడు కోడలు. కొండ కిందినుంచి జీపు నడిపింది కూడా కోడలే. టైపిస్టమ్మ ఒకే ఒక్క పిట్ట కోసం వరసగా నాలుగో ఏడు వచ్చింది. బొటనవేలంత పిట్ట, నెత్తిన పసుపు గీత. పొదల్లో దాక్కుంటుంది కనక ముందు దాని కూత వినాలి, ఆ తర్వాతే వెతకాలి.

"ఈసారీ కనపడకపోతే నా మోకాళ్లు మళ్లీ రానివ్వవు నాయనా," అని ఆవిడ జీపులోనే చెప్పేసింది.

గైడు చెవి దగ్గర చెయ్యి పెట్టి తల పంకించాడు. "అదుగో, వినిపిస్తోందా అమ్మా?"

అతనికేమీ వినిపించలేదు. సన్నటి కూతలు వినపడక రెండేళ్లయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాత జాగాలు కంఠతా వచ్చు. మిగతాదానికి కోడలి తల ఎటు తిరిగితే అటు చూసి నెట్టుకొస్తున్నాడు. చెవుల్లేని గైడంటే ఉత్తి కర్ర పట్టుకున్న ముసలాడేగా అని అతని భయం.

టైపిస్టమ్మ చాలాసేపు ఊపిరి బిగబట్టి విన్నది. "ఆఁ... ఏదో వినపడినట్టే ఉంది," అంది మొహమాటంగా.

తన పరువు కోసం పెద్దావిడ చేత అబద్ధమాడించాడు. సిగ్గుతో గైడు చెవులు వేడెక్కాయి. పనికిరాని చెవులు, అందుకైనా పనికొచ్చాయి.

వెనక్కి చూశాడు. కోడలి తల కింద వాగువైపు తిరిగి ఉంది. అతను చూసేదాకా ఓపిగ్గా అలాగే ఉంచింది. రెండేళ్లుగా ఆ తల ఎందుకంత నిదానంగా తిరుగుతోందో అతనికి అప్పుడు అర్థమైంది.

"నీకు తెలుసా?"

"మొదటి ఏడే తెలిసింది మావయ్యా."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని చూస్తున్నా."

గైడు టైపిస్టమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఇక్కడ పిట్టా లేదు, గిట్టా లేదు. నా చెవులు పోయాయి. మా కోడలి వెనక నడవండి." కర్ర తీసి కోడలి చేతికిచ్చాడు.

ఆమె వాగువైపు ఇరవై అడుగులు దిగి కర్ర అడ్డం పెట్టింది. మూరెడు దూరంలో, చిగురు కొమ్మ మీద ఉంది పిట్ట. టైపిస్టమ్మ బైనాక్యులర్స్ సంగతే మరిచి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కళ్లు నిండాయి. గైడు వెనక నిలబడి తీరిగ్గా చూశాడు. పిట్ట తెరిచిన ముక్కు, వణికే గొంతు. కూత మాత్రం అతని చెవికి చేరలేదు. అయినా కడుపు నిండింది.

"మీరు మెల్లగా రండి. నేను జీపులో కూచుంటా," అని వట్టి చేతులతో కొండ దిగిపోయాడు.

పై మలుపులో కర్ర మళ్లీ బాటకు అడ్డం పడింది. అతని అరచెయ్యి ఇన్నేళ్లూ అరగదీసి నునుపు చేసిన చోటికి జానెడు కిందగా, కోడలి పట్టు.