కనకమ్మ అనని మాట

"థర్మాకోల్ ఇంకాస్త పైకి! పైకంటే తల మీదికి కాదు నవనీతా, ఆయన ముక్కు మీద నీడ పడుతోంది, కనిపించట్లేదా?"

డైరెక్టర్ నితీష్ అరిచిన అరుపుకి లాబీలో కాఫీ తాగుతున్నవాళ్లంతా ఇటు తిరిగారు. నవనీత రెండు చేతులూ ఎత్తి లైటు వెలుగును మొహం మీదికి మళ్లించే ఆ తెల్ల అట్టను ఇంకొంచెం వంచింది. పొద్దుట్నించి అదే పని. భుజాలు పడిపోతున్నాయి. కెమెరా ముందు కూర్చున్న వైస్ ప్రెసిడెంట్ గారు మాత్రం "మా సంస్థ ఒక కుటుంబం" అనే నాలుగు ముక్కల దగ్గర ఎన్నిసార్లయినా తడబడుతూనే ఉన్నారు. తడబాటు ఆయనది, తిట్లు థర్మాకోల్ పట్టుకున్నదానికి.

హైటెక్ సిటీలోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ తన వార్షికోత్సవానికి ఒక చిన్న సినిమా తీయించుకుంటోంది. తీస్తున్న ప్రొడక్షన్ ఆఫీసులో నవనీత ఇంటర్న్. ఇంటర్న్ అంటే నేర్చుకోవడానికి వచ్చిన మనిషని కాలేజీలో చెప్పారు. ఇక్కడికొచ్చాక లైటు స్టాండ్లు మోసేది, టీలు తెచ్చేది, ఎవరికి కోపమొచ్చినా తిట్లు తినేది అని తెలిసింది. నెలకు ఎనిమిది వేలు ఇస్తారు, అదీ జీతం కాదట, దారిఖర్చులట. ఉండేది బోరబండలో, రైలెక్కితే పక్క స్టేషనే. తండ్రి యాదయ్య బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. తన కూతురు సినిమాలు తీస్తోందని వర్క్‌షాపంతా చెప్పుకున్నాడు. అట్టలు మోస్తోందని ఆయనకు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

వచ్చిన కొత్తలో ఆమె నోరు విప్పితే చాలు, నవ్వేవాళ్లు. "గిట్లనా సార్?" అంటే "గిట్లనే" అని వెక్కిరింపు. "మీడియాలో ఉండాలంటే ముందు ఆ యాస మార్చుకో" అన్నాడు నితీష్, చొక్కా మార్చుకోమన్నంత తేలిగ్గా. అప్పట్నించి ఆఫీసులో పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతోంది. ప్రతి మాటనూ నోట్లోనే ఒకసారి సరిచూసుకుని బయటికి వదలాలి. లైట్లు మోయడం కన్నా అదే ఎక్కువ అలసట.

అయినా పని పట్టుబడింది. కాలర్ మైకు గుడ్డకి రాసుకోకుండా ఎలా పెట్టాలో సౌండ్ చూసే వేణు నేర్పాడు. షాట్‌కి ముందు లాబీని నిశ్శబ్దం చేయించే పనీ ఆమెకే వదిలేశాడు. మొదట్లో "సైలెన్స్ ప్లీజ్" అంటే పక్కనున్నవాడికి కూడా వినపడేది కాదు. ఇప్పుడు ఒక్కసారి అందంటే మేనేజర్లు సైతం కప్పు పట్టుకుని ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. అలా ఆగిన ప్రతిసారీ నవనీతకు లోపల్లోపల భలే సంతోషంగా ఉంటుంది.

వైస్ ప్రెసిడెంట్ గారి గండం గడిచాక, కంపెనీ తరఫున ఈ వ్యవహారం చూస్తున్న రోహిణి వచ్చింది. "నితీష్ గారూ, హౌస్‌కీపింగ్ నుంచి కూడా ఒకరు మాట్లాడితే బావుంటుందండి. వాళ్లు కూడా హ్యాపీగా ఉన్నట్టు తెలియాలి కదా."

సూపర్‌వైజర్ కొందరు ఆడవాళ్లను వరసగా తెచ్చి నిలబెట్టాడు. కెమెరా చూడగానే ఒక్కొక్కరూ కొయ్యబారిపోయారు. "బాగుందండి" అనడం, నోరు మూసుకోవడం. నితీష్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. "నవనీతా, నువ్వు అడుగు. మీ భాష మీకే రావాలి."

ఒళ్ళు మండింది. కానీ ప్రశ్న అడిగే చోటు దొరకడం ఇదే మొదటిసారి. అట్టను గోడకానించి కెమెరా పక్కన కూర్చుంది. ఎదురుగా కుర్చీ వెనక, ఆ వరసలో మిగిలిన కనకమ్మ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, నీలం యూనిఫాం చీర మీద కోటు తొడుక్కుని ఉంది.

"కూసో పెద్దమ్మా."

"కూసోవచ్చునా బిడ్డా?" ఆమె సూపర్‌వైజర్ వైపు చూసింది. అతను సరేనన్నట్టు చెయ్యూపి, ఫోన్ మోగుతుంటే బయటికి నడిచాడు. కనకమ్మ కుర్చీ అంచు మీద, లెమ్మంటే లేచేటట్టు కూర్చుంది.

నవనీత మైకు పెడుతూ ఊరి సంగతి అడిగింది, మనవల సంగతి అడిగింది. పుస్తకం భాష ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు.

"పని ఎట్లుంటది పెద్దమ్మా?"

"మంచిగుంటది."

"గట్ల కాదు, ఉన్నది చెప్పు. పెద్ద సార్లు చూస్తరు దీన్ని. నేనున్న గదా."

కనకమ్మ ఆమె మొహంలోకి చూసింది, తన పక్కింటి పిల్లను చూసినట్టు.

"పనికేం భయం లేదు బిడ్డా. చేసెటోళ్లమే. గని పొద్దుగాల వస్తే పొద్దుగూకేదాంక కూసోనియ్యరు. గిన్ని కుర్చీలున్నయి, అన్ని మేమే తుడుస్తం. ఒక్కదాంట్ల కూసోరాదు. మోకాళ్లు గుంజితే బాత్రూంల తలుపేసుకొని కూసుంటం. మాతోని చేసే రజిత అన్నం గూడ ఆడనే తింటది." చెప్పి చెప్పి కుర్చీ చేతిని ఒకసారి తడిమింది. "గీ బంగ్లల నేను కూసున్నది ఇదే మొదలు." అని నవ్వింది. మొహమంతా విచ్చుకున్న నవ్వు.

"ఆ నవ్వు చాలు! అద్భుతం!" మానిటర్ ముందు నితీష్ చప్పట్లు కొట్టాడు.

"ఇగ అర నిమిషం ఎవ్వరు కదలొద్దు" అన్నాడు వేణు. ఎవరితో మాట్లాడించినా చివర్లో ఆ చోటులోని ఉత్త నిశ్శబ్దాన్ని కొంచెం పట్టుకోవాలి. మాటల్ని అతికించేటప్పుడు మధ్యలో వేయడానికి కావాలట. నవనీత "సైలెన్స్" అంది. లేవబోయిన కనకమ్మను ఉండమని చేత్తో సైగ చేసింది. ఆమె అలాగే వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఆ అర నిమిషం ఆమెను లెమ్మనే హక్కు ఆ భవనంలో ఎవరికీ లేదు.

ఇంటికెళ్తుంటే నవనీతకు రైల్లో సీటు దొరకలేదు, అయినా పట్టించుకోలేదు. తన గొంతుతో, తన మాటతో ఒక మనిషి చేత నిజం చెప్పించింది. ఇన్నాళ్లకు తనకొక పని వచ్చిందనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం వరకే ఆ సంతోషం.

కంపెనీవాళ్లిచ్చిన మీటింగ్ రూములో అద్దాల గోడలకు దుప్పట్లు వేలాడదీసి, చప్పుడు రాకుండా ఏసీ ఆపి, మైకు నిలబెట్టారు. సాయంత్రమే ప్రదర్శన. లోపల ఉక్కపోత. నితీష్ తన ఫోన్ ఆమె ముందు పెట్టాడు. తెర మీద ఒక వాక్యం: 'ఇది నాకు ఆఫీసు కాదు, నా ఇల్లు. ఇక్కడ ఎంతసేపు నిలబడినా అలుపు తెలియదు.'

"దీన్ని నీ యాసలో పెట్టి చెప్పు. కనకమ్మ అద్దాలు తుడిచే షాట్ మీద వేస్తాం, చివర్లో ఆ నవ్వు. నీ గొంతు ఆమెకి సరిగ్గా సరిపోతుంది."

నవనీత ఆ వాక్యాన్ని రెండోసారి చదివింది. "ఆమె ఇలా అనలేదు కదా సార్."

"అన్నది వేస్తే ఏమవుతుందో తెలుసా? రేపు ఆమె ఉద్యోగం ఊడుతుంది. నేను ఆమెకి మేలే చేస్తున్నా." చెమట తుడుచుకుని మెత్తబడ్డాడు. "చూడమ్మా, వచ్చే నెల నుంచి నిన్ను అసిస్టెంట్‌గా తీసుకుందామని మన ఆఫీసు సార్‌తో మాట్లాడాను. పేరు కూడా పడుతుంది. రెండు ముక్కలు చెప్పేసెయ్."

అసిస్టెంట్. పేరు. తండ్రి వర్క్‌షాపులో చెప్పుకున్న అబద్ధం నిజమైపోతుంది. నితీష్ చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు, అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. కనకమ్మ ఉద్యోగం నిజంగానే పోవచ్చు. ఉన్నది చెప్పమని బతిమాలింది తనే, నేనున్నానన్నది తనే. ఇన్నాళ్లూ పనికిరాదన్న యాస ఇవాళ పనికొచ్చింది, దేనికయ్యా అంటే ఆమె మోకాళ్ల నొప్పిని కప్పెట్టడానికి. కోపంతో నవనీతకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వేణు చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, రికార్డు నొక్కి, ఆమె వైపు చూడకుండా వేలు ఊపాడు. మొదలుపెట్టమని.

నవనీత మైకు దగ్గరికి జరిగింది.

"నేను చెప్ప సార్."

"ఏంటి?"

"ఆమె మాట్లాడిన బైట్ మొత్తం తీసెయ్యున్రి. నవ్వు గూడ తీసెయ్యున్రి. ఆమెకు నష్టం కావొద్దంటే గదే చెయ్యాలె. గని ఆమె అనని మాట ఆమె నోట్ల పెట్టకున్రి. నా గొంతుతోని అసలే పెట్టకున్రి."

ఏ మాటనూ సరిచూసుకోలేదు. అన్నాక గానీ అది గమనించలేదు.

నితీష్ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నువ్వు కాకపోతే క్యాంటీన్‌లో పదిమంది ఉన్నారు ఈ రెండు ముక్కలు చెప్పడానికి. రేపట్నించి రావక్కర్లేదు." తలుపుకు అడ్డంగా ఉన్న దుప్పటిని పక్కకు తోసి బయటికి పోయాడు. వేణు రికార్డింగ్ ఆపి, "నాకు ఇంట్ల ఇద్దరు పిల్లలున్నరు నవనీతా" అని గొణిగి అతని వెనకే నడిచాడు.

నవనీత ఒక్కతే మిగిలింది. మైకు ముందున్న కుర్చీలో కూర్చుంది. గెలిచినట్టేమీ లేదు. ఆ రెండు ముక్కలు ఎవరో ఒకరు చెప్తారు, సాయంత్రం అందరూ చప్పట్లు కొడతారు. ఈ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో కూడా తెలియలేదు.

తలుపు కొంచెం తెరుచుకుంది. మాప్ కర్రతో కనకమ్మ. చెత్తబుట్ట కోసం వచ్చి, ఆమెను చూసి ఆగిపోయింది. మొహంలో నిన్నటి వెలుగు ఇంకా ఉంది.

"బిడ్డా, సార్లు ఇన్నరా? ఏమన్నరు?"

నవనీత లేచి, తను కూర్చున్న కుర్చీని ఆమె వైపు జరిపింది.

"కూసో పెద్దమ్మా. ముందుగాల కూసో, చెప్త."

దుప్పట్ల సందులోంచి అద్దం అవతల సూపర్‌వైజర్ తెల్లచొక్కా కనిపిస్తోంది. అతను ఇటే చూస్తున్నాడు. కనకమ్మ అతన్ని చూసింది, కుర్చీని చూసింది. మాప్ కర్రను గోడకానించి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.