ఎడమ అంచు

మునీంద్రకు ఫిట్స్ ఆగాలని కర్నూలులో మెదడు రెండు సగాల మధ్యనున్న వంతెనను కోసేశారు. ఫిట్స్ ఆగాయి. నేత కూడా ఆగింది. కుడిచేయి వేసిన ముడిని ఎడమచేయి విప్పేస్తుంటే ఏ మగ్గం నడుస్తుంది? ఇంటికి బియ్యం పోస్తున్న అన్న పరమేష్‌కు మాత్రం అదంతా సోమరితనమే. "పని చేయలేడని డాక్టరు సర్టిఫికెట్ తెస్తే సరే. లేకుంటే సోమవారం నుంచి నా రాళ్లు కోసే మిషను కాడికి రావాల" అని తేల్చి చెప్పాడు. ఆ చేతులతో ఆ రంపం దగ్గరికా! శివలీలకు మొగుణ్ణి తలుచుకుంటే దిగులు, బావను తలుచుకుంటే ఒళ్లుమంట.

మైదుకూరులో బస్సెక్కించి మొగుణ్ణి కడప పెద్దాసుపత్రికి తీసుకొచ్చింది. నాలుగేళ్ల కిందట ఆపరేషన్ అయిన నాటి నుంచి ఆమె అతనికి చూపు నేర్పుతూనే ఉంది. నేతగాడు ఎడమ అంచును కనిపెట్టుకునే ఉండాలి, అక్కడ పోగు తెగితే చీర పాడు. ఎదురుగా కూర్చుని, అతని ఎడమ పక్కన రంగు నూలు కండె ఆడించి, కళ్లు అటు తిరిగేదాకా వదిలేది కాదు. ఎప్పటికైనా మళ్లీ మగ్గం ఎక్కుతాడని పిచ్చి ఆశ.

డాక్టరు తన ముక్కు వంకే చూడమన్నాడు. మునీంద్రకు ఎడమవైపు పెన్ను ఒక్క క్షణం ఎత్తి దాచేశాడు.

"ఏం కనపడింది?"

"ఏం కనపడలే సార్."

"మరి కళ్లు ఠక్కున అటు తిరిగాయే?"

మళ్లీ ఎత్తాడు. మళ్లీ కళ్లు అటే పోయాయి, నోరు మళ్లీ లేదనే అంది.

శివలీల అడ్డుపడింది. "ఎడమపక్క కనపడేది మాటరాని సగానికి పోతాది సార్. కళ్లు తిప్పేకి రెండు సగాలకూ వస్తాది, చెప్పేకి ఒకదానికే వస్తాది. కర్నూల్లో డాక్టరు చెప్పినాడు. ఆయన ఎడమచేతినడగండి, నాలుగు వస్తువులు ముందర పెడితే అది పెన్ను ఏరి చూపిస్తాది."

"చేతినడగాలా? బాగానే నేర్పించావమ్మా" అని నవ్వి, ఏ లోపమూ లేదని డాక్టరు రాసిపడేశాడు.

కళ్లు అటు తిప్పడం నేర్పింది నిజమే. ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

బయట మెట్ల మీద మునీంద్ర అడిగాడు. "మే, నాకు కనపడిందా? నువ్వే చెప్పు."

"నిజంగా నీకు తెలీదా?" అనేసింది. అని నాలుక కరుచుకుంది. నాలుగేళ్లలో ఆమె కూడా ఆ మాట అడగడం ఇదే మొదలు. అతను తల దించుకున్నాడు.

అంతలో పరమేష్ ఫోను చేశాడు. "ఏమైంది శివలీలా?"

"మీ తమ్మునికి ఏం లేదంట బావా."

"నేను చెప్పలే? సోమవారం పంపియ్యి."

"ఆయన రాడు. మిషను కాడికి నేనొస్తా."

"వస్తే రా. కానీ ఆడోళ్ల కూలే ఇచ్చేది."

"సరే బావా" అంది శివలీల.