వాడుక వీధులు

ఆర్టీసీ కాంప్లెక్సు గేటు బయట ఖాకీ చొక్కా తొడుక్కుని ఆటోకి ఆనుకుని నిలబడ్డ పిల్ల తన కూతురేనని పోల్చుకోవడానికి లోవమ్మకి కాస్త సేపు పట్టింది.

"ఎక్కమ్మా. ఇవాళ బోణీ నువ్వే," అంది నాగదుర్గ.

"బట్టలు సర్దుకున్నావా?"

"సాయంత్రం దాకా ఆగవే తల్లీ!"

ఉప్పాడలో చేపల గంపతో ఇరవై ఏళ్ళుగా తిరుగుతోంది లోవమ్మ. ఎనిమిది నెలల కిందట కూతుర్ని రాజమండ్రి పంపినప్పుడు ఒక్కటే షరతు పెట్టింది. ఏదైనా ఆటో స్టాండు వరసలో చోటు దొరికితే ఉండు, దొరక్కపోతే ఇంటికొచ్చి గంప పట్టుకో. స్టాండు లేని ఆటో ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు కసురుతూనే ఉంటారు. గోదావరి గట్టు మీది స్టాండువాళ్ళు ఇవాళ నాలుగింటికి తేలుస్తామన్నారు. ఎలాగూ కాదంటారు, ఆ మాట విని కూతుర్ని వెంట తీసుకుపోదామనే వచ్చింది లోవమ్మ.

ఆటో తాడితోటలోకి తిరిగింది. లారీల్లోంచి బట్టల బేళ్ళు దింపుతున్నారు. రోడ్డు సగం వాటికే సరిపోయింది.

"ఈ వీధి ఎవరిదే?" అంది లోవమ్మ.

"ఎవరిదేంటమ్మా? రోడ్డు అందరిదీని."

"అందరిదీ అయితే ఇంక నీకేం మిగుల్తుంది?"

నాగదుర్గ నవ్వేసింది. లోవమ్మకి నవ్వు రాలేదు. వాళ్ళ ఊళ్ళో ఎవరి వాడుక వీధులు వాళ్ళవి. ఒకామె గంప తిరిగే వీధిలో ఇంకో ఆమె అరవదు. ఇక్కడ చూస్తే పిల్ల అన్ని వీధుల్లోనూ దూరిపోతోంది. ఎవరితో మాట పడుతుందోనని ఆమె భయం.

జాంపేటలో చర్చి దాటారు. ఆజాద్ చౌక్ దగ్గర బిర్యానీ హండా మూత అప్పుడే తీసినట్టున్నారు, వాసన ఆటోలోకి వచ్చేసింది. తెల్లటోపీ పెట్టుకున్న ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"దుర్గమ్మా, రేపు ఆస్పత్రికి పదింటికి. మరిచిపోకు."

"తొమ్మిదిన్నరకే గుమ్మంలో ఉంటానండి."

అక్కణ్ణించి లోవమ్మ సీటు అంచుకి జరిగి, తల బయటపెట్టి చూడడం మొదలుపెట్టింది.

దేవీచౌక్ మీదుగా దానవాయిపేట వెళ్ళారు. ఎత్తు గేట్లు, ఇత్తడి నేమ్ బోర్డులు, ఇంటింటికీ కుక్క. ఒక గేటు ముందు ఆగితే రిటైరైన టీచరు రత్నమాణిక్యంగారు మెట్లు దిగి వచ్చారు.

"మీ అమ్మగారా? మీ పిల్ల హారన్ కొట్టి హడావిడి చెయ్యదండి. నేను మోకాళ్ళు పట్టుకుని దిగేదాకా కాచుకుని ఉంటుంది. వేరే ఆటో నేనెక్కను."

"మంచిదండి," అంది లోవమ్మ. ఆవిణ్ణి బ్యాంకు దగ్గర దింపాక మళ్ళీ అడిగింది. "ఈ వీధి ఎవరిదే?"

"నీకేమైందమ్మా ఇవాళ?"

"నీదేనే, వెర్రిమొహమా!"

మధ్యలో ఇంకో నాలుగు బేరాలు తిప్పి, మెయిన్ రోడ్డు జనంలోంచి, కోటగుమ్మం మీదుగా గట్టు చేరేసరికి నాలుగు దాటింది. పది మంది డ్రైవర్లు టీ గ్లాసులతో ఉన్నారు. వాళ్ళలో పెద్దవాడి పేరు ముసలయ్య. ఎవరి తరవాత ఎవరి బండో రాసే వరస బోర్డు చూసేది వెంకన్న.

"ఆడపిల్లని వద్దనడం కాదండి," అన్నాడు వెంకన్న, ముసలయ్యకేసి తిరిగి. "పై ఊరి మనిషి. ఇక్కడి సందులు తెలియవు. పాసింజర్ని తప్పుదారిలో తిప్పితే మాట పడేది స్టాండు."

నాగదుర్గ నోరు తెరిచేలోపే లోవమ్మ ఆటో దిగింది.

"నేను ఇవాళ పొద్దున్న దిగాను బాబూ ఈ ఊళ్ళో. కాంప్లెక్సు నించి తాడితోట, బట్టల లారీలుంటే పక్క సందులోంచి తీసింది. జాంపేట చర్చి దాటి ఆజాద్ చౌక్. దేవీచౌక్ దాకా వచ్చాక స్కూలు వదిలే వేళని వెనక వీధి పట్టింది. దానవాయిపేటలో పచ్చ గేటు ఇంటి కుక్క గొలుసు తెంపుకుంటుందని ఇటు చివరే ఆపింది. పచ్చ గేటు పక్కిల్లు టీచరుగారిది. ఒక్క పూటలో నాకే ఇంత తెలిసింది. తిప్పినదానికి తెలీదా?"

"మామ్మగారూ, బండి మీరే నడిపేలా ఉన్నారండి!" అన్నారెవరో. అందరూ నవ్వారు. వెంకన్న కూడా.

"ఏం చేస్తారమ్మా మీరు?" అన్నాడు ముసలయ్య.

"చేపలమ్ముతానండి. మాలో కొత్తగా గంప పట్టే పిల్లకి మొదటిరోజు పెద్దామె తన చేత్తో గంప నెత్తికెత్తుద్ది. ఇంక ఆ పిల్లకి ఎవరూ అడ్డు చెప్పరు. మీ పనిలో ఏం చేస్తారో నాకు తెలీదు."

ముసలయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకుని, నాగదుర్గ ఆటోలో డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. దిగి, పక్కకి జరిగి, "రా తల్లీ," అన్నాడు. "వెంకన్నా, పదకొండో పేరు రాసుకో."

వెంకన్న చాక్‌పీసు తీసి రాశాడు. అక్షరాలు చదవడం రాకపోయినా లోవమ్మ ఆ బోర్డుకేసి చాలాసేపు చూసింది.

"పదమ్మా, కాంప్లెక్సులో దింపుతాను," అంది నాగదుర్గ.

"వరస వదిలేసి ఎక్కడికొస్తావ్? మొదటి రోజే చోటు ఖాళీ చేస్తే రేపెవరు ఊరుకుంటారు? నేను నడిచిపోతాను. దారి నాకు తెలుసు."

చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని బయల్దేరింది. కోటగుమ్మం, మెయిన్ రోడ్డు, దేవీచౌక్. నెత్తి మీద గంప లేదు గానీ, ఉన్నట్టే తల నిలిపి నడిచింది.

తాడితోట మలుపులో ఒక ఆటో ఆమె పక్కన ఆగింది.

"ఎక్కడికండి? ఎక్కండి, దింపేస్తాను."

"వద్దు బాబూ," అంది లోవమ్మ. "మాది గట్టు మీది స్టాండు."