ఒగ్వెనో పేరున యాగో కాయ

మా ఇంట్లో ఎవరు రావడం ఆలస్యమైనా నాకు ముందు తోచేది చావే. మా ఆయన ఉన్న రోజుల్లో సరస్సు మీద చిన్న మబ్బు కనిపిస్తే చాలు, ఒడ్డుకి పరుగెత్తేదాన్ని. ఆయన వల లాక్కుంటూ, "వచ్చిందిరా ఒగ్వెనో తల్లి, నన్ను పూడ్చడానికి" అని తోటి వాళ్ళతో నవ్వేవాడు. చివరికి ఆయన పోయింది నీళ్ళలో కాదు. మంచం మీద, మలేరియాతో.

పెద్దవాడు ఒగ్వెనో విషయంలోనూ అంతే. దగ్గితే క్షయ అనుకునేదాన్ని. ఫోను ఎత్తకపోతే పడవ తిరగబడిందనుకునేదాన్ని. వాడు నిజంగా తప్పిపోయిన రోజు మాత్రం చిన్నవాడు ఒడెరోకి కడుపునొప్పి. నా భయమంతా ఆ మంచం దగ్గరే ఉండిపోయింది. పడవ మోటారుకి సామాను కావాలి, బొండో వెళ్ళొస్తానని పెద్దవాడు గుమ్మంలోంచి చెబితే, తలెత్తకుండానే సరేనన్నాను.

బొండో కూడలిలో వాడు మటాటు బండి దిగడం టమాటాలమ్మే ఆవిడ చూసింది. నీలం చొక్కా, చంకలో పాడైన మోటారు ముక్క. "ఎండ మండిపోతోంది పిన్నీ, ఆ గొడుగు కాస్త ఇటు జరుపుకో" అన్నాడట. ఆ తరవాత వాణ్ణి చూసినవాళ్ళు లేరు. సామాన్ల కొట్టుకి చేరలేదు. కూడలికీ కొట్టుకీ మధ్య ఉన్నదల్లా ఒక చర్చి, ఒక బడి గోడ, మాంసం అమ్మే దుకాణాలు. పట్టపగలు, ఆ కాస్త దూరంలో, అంత పొడుగు మనిషి ఏమైపోతాడు? సరస్సు మింగితే సరస్సునైనా తిట్టుకునేదాన్ని. వాడి పడవ ఒడ్డునే ఉంది.

స్టేషనుకి వెళ్తే అక్కడి ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. "శవం లేకుండా చనిపోయాడని మేం రాయలేం అమ్మా."

"అయితే బతికున్నాడని రాయండి బాబూ."

"అదీ రాయలేం."

వాణ్ణి ఉగాండాలో చెరుకు తోటల దగ్గర చూశామని ఒకరన్నారు, వెళ్ళాను. మ్వాన్జా రేవులో మూటలు మోస్తున్నాడని ఇంకొకరన్నారు, అక్కడికీ వెళ్ళాను. కిసుములో శవాల గదిలో ఒక్కొక్క సొరుగూ తెరిపించాను. తెరిచిన ప్రతిసారీ వాడు కాదని దేవుడికి దండం పెట్టాను. ఆ పడుకున్నవాడికీ ఒక తల్లి ఉంటుందని బయటికొచ్చి బస్సెక్కాక గుర్తొచ్చేది.

వాడు వెళ్ళేనాటికి చంకలో ఉన్న వాడి కూతురు ఇప్పుడు రేవు నుంచి నీళ్ళ డబ్బా నెత్తిన పెట్టుకుని తెస్తోంది. అప్పుడు వచ్చాడు మా మరిది ఒసెవే, వంశంలో మిగిలిన పెద్దవాడు. వెనక ఒడెరో తల దించుకుని నిలబడ్డాడు. వాళ్ళ మొహాలు చూడగానే నాకు అర్థమైంది.

"వదినా, ఈ మాట ఎవరో ఒకరు అనాలి కదా. యాగో కాయ పూడ్చిపెడదాం" అన్నాడు ఒసెవే.

మాలో శవం దొరకని మనిషి కోసం యాగో కాయ తెస్తారు. అడవి చెట్టుకి తాళ్ళలాంటి కాడలతో వేలాడే బరువైన పొడుగాటి కాయ. దానికి దుప్పటి చుట్టి, మంచం మీద పడుకోబెట్టి, ఏడ్చి, గొయ్యి తీసి పూడుస్తారు. అప్పటి నుంచి ఆ మనిషి చనిపోయినట్టే.

"నా కొడుకు పోయాడని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఉన్నాడని నీకెవరు చెప్పారు? వాడు కళ్ళ ముందు తిరుగుతున్నప్పుడు ఎన్నిసార్లు చంపావు వదినా! పడవ ఆలస్యమైతే చంపావు, తుమ్మితే చంపావు. ఇప్పుడు ఒక్కసారి చావనివ్వవా?"

"బాబాయ్!" అన్నాడు ఒడెరో.

"నువ్వూరుకో. నీకోసమే కదా ఈ తిప్పలు."

నిజమే, వాడికోసమే. అన్న విడిగా ఇల్లు వేసుకోకుండా తమ్ముడు వేసుకోకూడదు. దాటాడా, చిరా పడుతుంది. అది మందులకి లొంగని శాపం, పిల్లల్ని ఎండగట్టి తినేస్తుంది. అన్న పోయాడంటే ఆ అడ్డు తొలగుతుంది. ఉన్నాడో పోయాడో తెలియకపోతే ఎప్పటికీ తొలగదు. ఒడెరో పెళ్ళాం బిడ్డలతో గేటు పక్కన పెళ్ళికాని కుర్రాళ్ళుండే గుడిసెలోనే ఉంటున్నాడు.

"వానొస్తే నలుగురం ఒకే గోడకి ఆనుకుని నిలబడుతున్నామమ్మా" అన్నాడు మెల్లగా. "నేను అన్నయ్యని చంపమనడం లేదు."

"మరి ఏమంటున్నావురా?"

వాడు గేటు పక్క గుడిసె వైపు చూశాడు.

నా భయం వాళ్ళకెలా చెప్పాలి? పూడ్చేశాక వాడు తిరిగొస్తే? పూడ్చిన మనిషి మా గేటులోంచి నడిచి రాకూడదు. ఇంటి కుండలోది వాడికి పెట్టకూడదు. ఎక్కడెక్కడో తిరిగి, అలిసి, ఆకలితో నా కొడుకు గేటు దాకా వస్తే, దెయ్యాన్ని చూసినట్టు పిల్లలు పారిపోతారు. ఇన్నాళ్ళూ ఎన్ని చావులు ఊహించుకున్నానో, అన్నిటికంటే ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"వాడొస్తే ఉగాలి ముద్ద ఎవరు పెడతారు? చెప్పు" అన్నాను.

"నేను పెడతాను. ఏ శాపమైనా వచ్చి నన్నే తిననీ. నాలో తినడానికి ఏం మిగిలింది, ఈ మూడు పళ్ళు తప్ప" అన్నాడు ఒసెవే. నవ్వించాలని చూశాడు పాపం. నేను కుదరదన్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు.

పెద్ద కోడలు, ఒగ్వెనో పెళ్ళాం అచోలా అంతసేపూ వంటింటి బయట చేప పొలుసు గీకుతూనే ఉంది. వాళ్ళు గేటు దాటాక చెయ్యి ఆపింది.

"అత్తయ్యా, నేను ఏడవాలి."

"ఏడు. ఎవరొద్దన్నారు?"

"మీరే."

కన్నీళ్ళు వేరు, చావు కేక వేరు. గుండెలు పగిలేలా ఊరంతటికీ వినపడేలా పెట్టే ఆ కేక, బతికున్న మనిషి పేరున పెడితే అతన్ని చేతులారా చంపినట్టే. అది తెలిసే అచోలా ఇన్నేళ్ళూ పళ్ళు బిగబట్టుకుంది.

"మొన్న రేవు అవతల ఎవరో ముసలాయన పోతే వెళ్ళాను కదా" అంది పొలుసు చేతుల వైపు చూసుకుంటూ. "అందరికన్నా గట్టిగా నేనే ఏడ్చాను. ఆయన పేరు కూడా నాకు తెలీదు. వాళ్ళ కోడళ్ళు నన్ను అదోలా చూశారు, ఈవిడకీ ఆయనకీ ఏమిటి సంబంధమని. ఊళ్ళో ఎవరు పోతారా, ఎప్పుడు వెళ్దామా అని కాచుకునుంటున్నాను. ఎవరెవరి చావుల్లోనో దూరి నా మొగుడి కోసం దొంగ ఏడుపులు ఎన్నాళ్ళు ఏడవమంటారు?"

"వాడు తిరిగొస్తే?"

"వస్తే తిడతాడు, ఎందుకేడ్చావే అని. తిట్టనివ్వండి. ఆ తిట్లు వినే అదృష్టమైనా పట్టనివ్వండి."

మళ్ళీ చేప అందుకుంది. నా భయం నాది. దాన్ని ఈ పిల్ల గొంతు మీద పెట్టి కూర్చున్నానని అప్పుడు తెలిసింది. చెంగుతో మొహం తుడుచుకుని, ఒసెవే ఇంటికి నడిచాను.

"కాయ నేనే ఏరతాను" అని చెప్పాను.

మర్నాడు పొద్దున్నే చెట్టు దగ్గరికి వెళ్ళాం. ఒసెవే పొడుగు కర్రతో ఒక కాయని తాకి, "ఇది?" అన్నాడు.

"పొట్టిది."

"ఇదో?"

"దానికి పురుగు పట్టింది, కనపడటం లేదూ?"

"పెళ్ళికొడుకుని ఎంచుతున్నావేంటి వదినా, నా మెడ పట్టేసింది" అని గొణిగాడు. కానీ ఒగ్వెనోకి సరిపోయే పొడుగు దొరికేదాకా ఇంకేం అనలేదు. దాన్ని కింద పడనివ్వద్దన్నాను. ఆ వయసులో చెట్టెక్కి, తాడు కట్టి దింపాడు. బరువుకి నా చేతులు వంగిపోయాయి. ఎవర్నీ మోయనివ్వలేదు.

పూడ్చే రోజున ఎండెక్కకముందే జనం వచ్చారు. వాడి మంచం మీద, వాడి దుప్పటిలో కాయ ఉంది. అందరూ నిశ్శబ్దంగా నిలబడ్డారు. మా ఇళ్ళలో తల్లి బతికుండగా కొడుకు పోతే మొదటి కేక తల్లిదే. ఆమె పెట్టేదాకా ఇంకెవరూ నోరు తెరవకూడదు, పెళ్ళామైనా సరే.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. అచోలా నా పక్కనే, పైగుడ్డ అంచు పళ్ళ మధ్య పెట్టుకుని, నా నోటి వంకే చూస్తోంది. ఒడెరో చేతిలో పలుగుంది. ఎవరో దగ్గారు.

"వదినా, జనం ఎండలో ఉన్నారు" అన్నాడు ఒసెవే మెత్తగా.

నా కొడుకు పోయాడు అనాలి, అంతే. మంచం వైపు చూడలేక గేటు వైపు తిరిగాను. నాకున్న బలమంతా కూడదీసుకుని, ఆటల్లో పడి ఇల్లు మరిచిన పిల్లాణ్ణి పిలిచినట్టు పిలిచాను.

"ఒగ్వెనో! ఎక్కడున్నావురా? ఇంటికి రారా నాయనా!"

దేవుడి మీద ఒట్టు, అది ఏడుపు కాదు. పిలుపే. కానీ చివర్లో గొంతు చీలిపోయింది. అందరూ దాన్నే మొదటి కేక అనుకున్నారు. నా పక్కన అచోలా గొంతు పగిలింది. అంత చిన్న మనిషిలో అంత కేక ఎన్నాళ్ళ నుంచి ఉందో! మోకాళ్ళ మీద కూలబడి, నేల చరుస్తూ, వాడి పేరు పెట్టి ఏడ్చింది. కంచె బయటి ఆడవాళ్ళు అందుకున్నారు, వాళ్ళ నుంచి పక్కింటి వాళ్ళు, అలా రేవు దాకా పాకింది. ఎవరూ ఆమెను అదోలా చూడలేదు.

ఒడెరో గొయ్యికి మొదటి పోటు వేశాడు.

ఆ గోలలో గేటు దగ్గర ఎవరైనా పలికినా నాకు వినపడి ఉండేది కాదు. అయినా పిలుస్తూనే ఉన్నాను.