భృంగరాజు గారి నూనె

భోజనాలయ్యాక నూనె సీసాలకు కాగితాలు అతికించడం నా పని. నూనె కాచడం పొద్దుటి పని. గుంటగలగరాకు, మందారపూలు, ఉసిరికాయలు రుబ్బి కొబ్బరినూనెలో వేసి, చిటపటలు ఆగేదాకా పొయ్యి దగ్గర కలుపుతూ కూర్చోవాలి. ఆ సీసాలు పలాసలో మా మరిది తారకేశ్వరరావు దుకాణానికి వెళతాయి. "వదిన కాళీగానే ఉంటాది కదా" అని అతను అందరితోనూ అంటాడు.

ఆ రోజు మరిది కొత్త కాగితాలు తెచ్చాడు. పాతవి ఇంగ్లీషులో ఉండేవి, ఇవి తెలుగులో. నాకు అక్షరాలు వచ్చి ఎంతోకాలం కాలేదు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ "నువ్వు ఏలిముద్ర ఎయ్యి, మిగిలింది నాను సూసుకుంటాను" అనేవాడు. కిడ్నీలు పాడై కన్నుమూసేదాకా అలాగే చూసుకున్నాడు. తరవాత మహిళా సంఘంలో ఉమ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అప్పటి నుంచి అక్షరం కనబడితే చదవకుండా ఉండలేను. పూండి స్టేషన్లో బోర్డులు, బిస్కెట్ పొట్లాలు, ఆటోల వెనక రాతలు. ఇన్నాళ్ళూ లోకమంతా నా ముందే మాట్లాడుకుంటూ ఉందని, నాకే వినబడలేదని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

జిగురు రాయబోతూ చదివాను. భ కింద వట్రుసుడి, పక్కన సున్న. భృంగరాజ్.

"ఈ భృంగరాజు ఎవులు బాబూ? దుకానం ఈయనకి గానీ అమ్మేసినావేటి?" అన్నాను గాభరాగా.

మరిది, తోడికోడలు లక్ష్మీకుమారి పడీపడీ నవ్వారు. "ఆయన మన నూతికాడే ఉంటాడక్కా! రోజూ తొక్కుకుంటూ తిరుగుతున్నావు" అంది ఆమె.

"మన గుంటగలగరాకే వదినా. ఆమ్లా అంటే ఉసిరి. హైబిస్కస్ అంటే మందారం" అని మరిది ఓపిగ్గానే చెప్పాడు.

నాకు నవ్వు రాలేదు. లేచి నూతి దగ్గరికి వెళ్ళాను. అంట్ల నీళ్ళు పారే చోట, బుల్లి తెల్లపూలతో నిలబడి ఉంది. "ఆ కలుపు పీకి పారీయే" అని మా అత్తగారు కేకలేసేది. ఆ మొక్కా నేనూ ఇన్నేళ్ళు ఆ నీళ్ళలోనే బతికాం. దానికి ఎక్కడో రాజు అన్న పేరుందని దానికీ తెలియదు, నాకూ తెలియదు. చేతులు జోడించాలనిపించింది.

తిరిగి వచ్చి మిగిలింది చదివాను. "బ్రహ్మి అంటే ఏటి?"

"సరస్వతాకు."

"అది మనం ఎయ్యం కదా?"

"పేరుంటే కొంటారు వదినా."

అన్నిటికీ పైన పెద్ద అక్షరాల్లో ఆర్గానిక్ అని ఉంది. ఆ మాట గురించి ఉమ ఒకసారి పసుపు పొట్లం చూపించి చెప్పింది. మొక్క నుంచి వస్తే సహజం అనొచ్చు. ఆర్గానిక్ అనాలంటే మాత్రం ఆ నేల ఏళ్ళ తరబడి పురుగుమందు ఎరగకూడదు, వచ్చి చూసి అవునని చెప్పేవాళ్ళు ఉండాలి. ఒక్క మాటలో ఒక నేల కథంతా పడుతుందా అని ఆ రోజు నోరు తెరిచాను. మాది మిల్లు నూనె. అందులో ఏ తోట కాయలున్నాయో, అవి ఏ మందు తాగాయో ఇంట్లో ఎవరికీ తెలియదు.

జిగురు గిన్నె పక్కకు జరిపాను. "ఇవి నాను అంటించను బాబూ. ఆ రెండు మాటలూ తీయించీ."

మరిది ముఖంలో నవ్వు పోయింది. "ఎవులు సూత్తారు వదినా? నూనె మంచిదే కదా."

"మంచిదే. మంచిదని రాయించు."

"అలా రాత్తే ఎవులు కొంటారు? అమ్మకం ఆగిపోతే నువ్వీ ఇంట్లో ఏటి సేత్తావు?"

లక్ష్మీకుమారి తల దించుకుంది. అతను అన్నది నిజమే. ఆయన పోయాక ఈ ఇంట్లో నాకు ఇంత అన్నం పెడుతున్నది ఆ నూనె మూకుడే.

"సదువొచ్చి సెడిపోనావు" అన్నాడు మళ్ళీ. "పాత కాయితాల మీదా ఇయ్యే ఉన్నాయి. అన్నీ నువ్వే అంటించినావు. అప్పుడు లేని పట్టింపు ఇప్పుడేటి?"

కాగితం ఒకటి తీసి అతని ముందు పెట్టాను.

"అప్పుడవి నాకు గీతలు బాబూ. ఇప్పుడు మాటలు. నా సేత్తో అంటిత్తే, ఆ అబద్దం నానాడినట్టే."