ఎనిమిదో తరగతి రెండోసారి

ఆ సాయంత్రం ఎల్క్ ఫోర్క్ హైస్కూలు జిమ్‌లో కూర్చోవడానికి చోటు చాలక జనం మెట్ల మీద కూడా నిలబడ్డారు. జిల్లా ఫైనల్. ఆట ఇంకో నిమిషంలో అయిపోతుందనగా లేలాండ్ కాడిల్ ఫ్రీ త్రో గీత దగ్గరికి వచ్చాడు. అవతలి ఊరి పిల్లలు ఒక్క గొంతుతో అందుకున్నారు.

"తాతా! తాతా! కర్ర ఏదీ తాతా?"

ఒకడు నిజంగానే చేతికర్ర తెచ్చి ఊపుతున్నాడు. ఇంకొకడు జుట్టుకి పిండి పూసుకుని వచ్చాడు. లేలాండ్ ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాడని ఆ బొగ్గు గనుల కొండల్లో తెలియనివాళ్లు లేరు. ఫెయిలై కాదు, బాస్కెట్‌బాల్ కోసం తండ్రే ఆపాడు. అక్కడ అది వింతా కాదు, తప్పూ కాదు. కొడుకు చేతిలో బంతి నిలుస్తుందని తెలిసిన తండ్రి వాణ్ణి ఒక ఏడాది వెనక్కి లాగి, ఎముక ముదిరాకే హైస్కూల్లోకి వదులుతాడు. పుంజును ముదరనిచ్చి బరిలోకి దింపినట్టే.

లేలాండ్ బంతిని రెండుసార్లు నేలకి కొట్టి విసిరాడు. వల మాత్రమే కదిలింది. రెండోదీ అంతే. వెనక్కి పరుగెడుతూ కర్ర కుర్రాడి వైపు తిరిగి, "నీ దగ్గరే ఉంచుకోరా మనవడా, ఓడిపోయి ఇంటికి నడవాలిగా!" అన్నాడు. ఎల్క్ ఫోర్క్ జనం చెక్క బెంచీలు విరిగేలా తొక్కారు.

ఆట గెలిచాక నీలం కోటు వేసుకున్న ఒక మనిషి వచ్చి లేలాండ్ భుజం మీద చెయ్యి వేశాడు. యూనివర్సిటీ జట్టుకి ఆటగాళ్లను వెతికే మనిషి.

"చెయ్యి బాగుంది బాబూ. బంతిని ఎడమ చేత్తో ఎడమవైపు తీసుకెళ్లాలంటేనే జంకుతున్నావు. ఒంటికి ఇంకాస్త కండ పట్టాలి. వచ్చే చలికాలం నేనే మళ్లీ వస్తాను. ఆ రెండూ సరిచేసి చూపించావనుకో, నీ చదువు, తిండి, గది అన్నీ మా ఖర్చే."

పక్కనే నిలబడ్డ లేలాండ్ తండ్రి డెన్వర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అతని వేళ్ల గీతల్లో బొగ్గు మసి ఎంత కడిగినా పోదు. ట్రక్కులో ఇంటికి వెళ్తున్నంతసేపూ, "వచ్చే చలికాలం. విన్నావుగా? వచ్చే చలికాలం," అని జపంలా అంటూనే ఉన్నాడు. మధ్యమధ్య దగ్గు. కాడిల్ వంశంలో గని దిగని మగవాడు ఇంతవరకు పుట్టలేదు. డెన్వర్ ఊపిరి తీస్తే ఛాతీలో ఈల వినిపిస్తుంది. కొడుకు ఛాతీలో ఆ ఈల వినపడకూడదనే అతని ఆరాటమంతా.

మర్నాటి నుంచి లేలాండ్ అన్నం తినే చెయ్యి మార్చాడు. పళ్లు తోముకోవడమూ, తలుపు తియ్యడమూ అన్నీ ఎడమ చేత్తోనే.

వసంతం మొదట్లో ఒకరోజు కోచ్ స్లోన్ భోజనాల వేళకి ఇంటికి వచ్చాడు. లేలాండ్ తల్లి ఆర్లీన్ కంచం పెట్టి, ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె వడ్డించింది. ఆయన చెంచా ముట్టుకోలేదు. స్లోన్ మొక్కజొన్న రొట్టె ముట్టుకోలేదంటే ఎవరో పోయి ఉండాలి అనుకుంది ఆర్లీన్.

"అమ్మా ఆర్లీన్, అబ్బాయి ఎప్పుడు పుట్టాడు?"

"జూలై ఆఖర్న. ఏం?"

"ఏ ఏడాదో చెప్పు."

ఆమె చెప్పింది. కోచ్ కళ్లు మూసుకున్నాడు.

"ఫైనల్లో ఓడిన కోచ్ నిన్న కనబడ్డాడు. 'మీ తాతకి ఎన్నేళ్లయ్యా' అన్నాడు నవ్వుతూ. పదిహేడు అన్నాను. ఒక్క ఏడాదే కదా ఆపింది, అదే లెక్క నాది. 'సరిగ్గా చూసుకో' అన్నాడు. మీరు డేటన్‌లో ఉన్నప్పుడు వాళ్ల కుర్రాడొకడి మేనత్త మీ పక్కింట్లో ఉండేదట." ఆయన డెన్వర్ వైపు తిరిగాడు. "ఆగస్టు ఒకటికి ముందే పంతొమ్మిది నిండితే ఆ ఏడాది ఆడనివ్వరు డెన్వర్. వీడికి ఈ జూలైలో నిండుతాయి."

"ఎలా నిండుతాయి? ఆపింది ఒక్క ఏడాది! నువ్వు ఆపమంటేనే ఆపాను!"

"రెండు," అంది ఆర్లీన్.

డెన్వర్ ఆమె వైపు చూశాడు.

"గని మూతబడ్డప్పుడు డేటన్ పోలేదూ? నువ్వు ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేసేవాడివి, పిల్లాడు లేచేసరికి ఇంట్లో ఉండేవాడివి కాదు. వాడికి ఊపిరి జబ్బు చేసి చలికాలమంతా మంచం మీదే ఉన్నాడు. తిరిగొచ్చాక ఒకటో తరగతి మళ్లీ మొదటి నుంచి కూర్చోబెట్టారు. నువ్వు ఎనిమిదిలో ఆపుతానన్న రోజు ఈ వంటింట్లోనే చెప్పాను, వాడికి ఒక ఏడాది ఇదివరకే పోయిందని."

"నేనేమన్నాను?"

"'ఇంకా మంచిది, బాగా ముదురుతాడు' అన్నావు."

"అన్నానా?"

"అన్నావు."

లేలాండ్ ఎడమ చేతిలో చెంచా అలాగే ఉంది.

"ఒక్క వారం ఆలస్యంగా పుట్టి ఉంటే ఆడనిచ్చేవారా కోచ్?"

"ఆడనిచ్చేవారు."

"అమ్మా, కాస్త ఓపిక పట్టలేకపోయావూ?"

ఆర్లీన్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. చేతిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

కోచ్ లేచాడు. లేలాండ్ వాకిలి దాకా వెంట వెళ్లి అడిగాడు. "ఆ నీలం కోటాయన మరి?"

"ఆడని వాణ్ణి చూడ్డానికి ఎవరొస్తారు నాయనా?"

డెన్వర్ అంతటితో వదల్లేదు. చావులకి మాత్రమే వేసుకునే సూటు వేసుకుని, పొద్దున్నే ట్రక్కెక్కి, ఆటల నియమాలు చూసే పెద్దల దగ్గరికి వెళ్లాడు. చీకటి పడ్డాక తిరిగొచ్చాడు. ఆర్లీన్, లేలాండ్ ఇద్దరూ వాకిట్లోనే ఉన్నారు.

"ఏమన్నారు?"

"కాఫీ ఇచ్చారు," అన్నాడు డెన్వర్. సూటు విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆ విషయం అతను మళ్లీ ఎత్తలేదు. తప్పు నాది అని గానీ, తప్పు నాది కాదని గానీ అనలేదు. లేలాండ్ వేసవి అంతా ఆ మాట కోసమే చూశాడు. తండ్రి ట్రక్కు కింద దూరి పనిచేస్తుంటే పానాలు అందించే నెపంతో పక్కనే కూర్చునేవాడు. తండ్రి పానాలే అడిగాడు. జూలై ఆఖర్న ఆర్లీన్ కేకు చేసింది గానీ కొవ్వొత్తులు పెట్టలేదు.

చలికాలం రానే వచ్చింది. సొంత జిమ్‌లో మొదటి ఆట పాత శత్రువులతోనే పడింది. జట్టు దుస్తులు ఇవ్వడానికి వీల్లేదు కాబట్టి కోచ్ స్లోన్ లేలాండ్‌కి నేల తుడిచే గుడ్డ కట్టిన కర్ర ఒకటి ఇచ్చాడు. "నేల మీద చెమట పడితే తుడవాలి. బెంచీ పక్కనైనా ఉంటావు," అన్నాడు ఎటో చూస్తూ.

లేలాండ్ ఆ కర్రతో బయటికి రాగానే అవతలి పిల్లల్లో ఒకడు "తా..." అని మొదలెట్టాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. నిరుడు చేతికర్ర తెచ్చిన కుర్రాడు తల తిప్పేసుకున్నాడు. వాళ్లు తిట్టినా బాగుండుననిపించింది లేలాండ్‌కి.

డెన్వర్ బెంచీ వెనక, ఒకప్పుడు తన తండ్రి కూర్చునే చోటే కూర్చున్నాడు. గనిలో అతనితో పనిచేసే గెంట్రీ వచ్చి పక్కన చేరాడు. లేలాండ్ వాళ్లకి నాలుగడుగుల ముందు, గీత అవతల, మోకాలి మీద కూర్చుని ఉన్నాడు. ప్రతి మాటా వినబడుతోంది.

"ఒరేయ్ డెన్వర్, మావాడు ఎనిమిదికి వచ్చాడ్రా. చెయ్యి బంగారం, ఒళ్లే లేదు. ఆపమంటావా?"

లేలాండ్ వెనక్కి తిరగలేదు. తండ్రి దగ్గు వినబడింది, దగ్గు చివర ఈల.

"ఇదివరకు ఎక్కడైనా ఏడాది పోయిందా వాడికి?"

"లేదు."

"ఆపు మరి," అన్నాడు డెన్వర్. "మావాడు ఆ ఒక్క ఏడాదిలో నాలుగంగుళాలు లేచాడు."

"నాలుగా!"

"నాలుగు. గుమ్మం మీద గీతలున్నాయి, వచ్చి చూసుకో." ఆ గొంతులో నిరుటి చలికాలం నాటి పొగరే వినిపించింది. ఏ మచ్చా పడలేదు దాని మీద.

ఈల మోగింది. ఫ్రీ త్రో గీత దగ్గర ఎవడో జారిపడ్డాడు. రిఫరీ వేలు చూపించాడు. లేలాండ్ పరుగున వెళ్లి తుడిచాడు.

"ఇక్కడ కూడా," అన్నాడు రిఫరీ.

అక్కడ కూడా తుడిచాడు. షాటు వెయ్యాల్సిన కుర్రాడు బంతి పట్టుకుని, అతను జరిగేదాకా ఆగాడు. లేలాండ్ కర్ర తీసుకుని గీత బయటికి వచ్చాడు. ఆట మళ్లీ మొదలైంది.